మా అత్త మళ్లీ మున్సిపల్ చైర్‌పర్సన్ కావాలంటే ఇప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న: మా మేనత్త కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీకి 2021 మార్చిలో చైర్‌పర్సన్ అయ్యారు. ఊళ్లో 31 వార్డులు, సుమారు 52 వేల ఓట్లు. తన వార్డులో 86 ఓట్ల తేడాతో గెలిచారు. మళ్లీ పోటీ చేయాలని ఆమె కోరిక. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సెలవు పెట్టి వచ్చి ప్రచారం చూసుకోమంటున్నారు. డ్రోన్ వీడియోలు, రీల్స్, ఐదేళ్ల అభివృద్ధి మీద ఒక రంగుల పుస్తకం వేద్దామని అనుకుంటున్నాం. ఊరంతా అత్తకే ఓటేస్తారని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉన్నారు, నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సమాధానం:

అమ్మా, నేను 1982లో బిల్ కలెక్టర్‌గా మున్సిపాలిటీలో చేరి 2018లో మేనేజర్‌గా రిటైరయ్యాను. 1987, 1995, 2000, 2005, 2014 ఎన్నికలు ఆఫీసులో ఉండి చూశాను. 2021వి ఓటరుగా చూశాను. నేను పనిచేసిన చైర్మన్లు, చైర్‌పర్సన్లు తొమ్మిది మంది. వాళ్లలో మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నది ఇద్దరే. మిగిలిన ఏడుగురూ చెడ్డవాళ్లు కాదు, పని చేయనివాళ్లూ కాదు. అందుకే మీ ప్రశ్న చదవగానే తీరిగ్గా కూర్చుని రాయాలనిపించింది.

మొదట ఆ ‘ఊరంతా ఓటేస్తారు’ అనే మాట పక్కన పెట్టండి. ఊరు మీ అత్తగారికి ఓటేయదు. వేయాలనుకున్నా వేయలేదు. 1987లో, 1995లో, 2000లో మన రాష్ట్రంలో చైర్మన్‌ను జనం నేరుగా ఎన్నుకున్నారు. ఓటరు చేతికి రెండు బ్యాలెట్లు ఇచ్చేవాళ్లం, ఒకటి కౌన్సిలర్‌కు, ఇంకొకటి చైర్మన్‌కు. విజయవాడకు పంచుమర్తి అనురాధ గారు 2000లో మేయర్ అయింది అలాగే, నగరమంతా ఓటేస్తేనే. 2005 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు మీ అత్తగారికి ఓటేసేది ఆమె వార్డులోని జనం మాత్రమే. ఆ తర్వాత కౌన్సిల్ హాల్లో చేతులెత్తి చైర్‌పర్సన్‌ను ఎన్నుకునేది కౌన్సిలర్లంతా, వాళ్లతో పాటు ఎక్స్ అఫీషియో సభ్యులుగా, అంటే పదవి రీత్యా, ఎమ్మెల్యే, ఎంపీ, ఎమ్మెల్సీ. కనుక ఆమె గెలవాల్సినవి రెండు ఎన్నికలు. ఒకటి వీధిలో, ఒకటి హాల్లో.

హాల్లో ఏం జరుగుతుందో 2021లో రాష్ట్రమంతా చూసింది. మైదుకూరులో 24 వార్డులుంటే టీడీపీకి 12, వైసీపీకి 11, జనసేనకు 1 వచ్చాయి. ఎక్కువ వార్డులు గెలిచింది టీడీపీ అయినా, ఎక్స్ అఫీషియో ఓట్లు కలుపుకుని చైర్మన్ పదవి వైసీపీ తీసుకుంది. తాడిపత్రిలో 36 వార్డులకు టీడీపీ 18, వైసీపీ 16, సీపీఐ 1, స్వతంత్రుడు 1. ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లతో వైసీపీ కూడా 18కి చేరింది. అప్పుడు సీపీఐ సభ్యుడు, స్వతంత్ర సభ్యుడు టీడీపీ వైపు నిలబడితేనే జేసీ ప్రభాకర్ రెడ్డి గారు 20 ఓట్లతో చైర్మన్ అయ్యారు. ఊరంతా ఎటు ఓటేసిందన్నది అక్కడ ఎవరూ అడగలేదు. హాల్లో ఎన్ని చేతులు లేచాయన్నదే లెక్క. 2025 ఏప్రిల్లో విశాఖ మేయర్ అవిశ్వాస తీర్మానంలో పదవి కోల్పోయినప్పుడూ అంతే, తేల్చింది కార్పొరేటర్ల సంఖ్య.

ఇప్పుడు వీధి ఎన్నిక. 52 వేల ఓట్లకు 31 వార్డులంటే వార్డుకు సుమారు 1,680 ఓట్లు. పోలయ్యేవి ఓ 1,200 అనుకోండి. అంటే మీ అత్తగారి తలరాత మూడు నాలుగు వందల ఇళ్లలో ఉంది. పోయినసారి ఆధిక్యం 86. నలభై నాలుగు మంది ఇటు నుంచి అటు మారితే చాలు, ఓడిపోతారు. ఒక వీధిలో ఒక వైపు ఇళ్లు అలిగినా ఆ నలభై నాలుగు వచ్చేస్తాయి. చైర్‌పర్సన్ అయ్యాక చాలామంది చేసే తప్పు ఇక్కడే ఉంది. ఊరి పెద్ద అయ్యాం కదా అని 31 వార్డులూ తిరుగుతారు, సొంత వార్డును ఇంట్లో మనిషికి అప్పగిస్తారు. నా సర్వీసులో 2014లో ఒక మాజీ చైర్మన్ తన వార్డులోనే ఓడిపోవడం చూశాను. ఊరి నడిబొడ్డున నాలుగు సిమెంటు రోడ్లు ఆయన హయాంలోనే పడ్డాయి. ఆయన వీధి చివరి సందులో మాత్రం కుళాయికి నీళ్లెక్కేవి కావు. ఆ సందులో 60 ఓట్లున్నాయి.

రిజర్వేషన్ గురించి కూడా ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి. చైర్‌పర్సన్ పదవికీ, వార్డులకీ రిజర్వేషన్లు రొటేషన్‌లో మారతాయి. సగం మహిళలకే అయినా, మీ ఊరి కుర్చీ ఈసారి ఏ వర్గానికి వస్తుందో, మీ అత్తగారి వార్డు జనరల్‌గా ఉంటుందో లేదో గెజిట్ వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. మాకు తెలుసు, మేం చేయిస్తాం అని వచ్చేవాళ్లను నమ్మకండి. వార్డు మారితే పక్క వార్డులో నిలబడాల్సి రావచ్చు. అందుకని ఆమె తన వార్డుకు ఆనుకుని ఉన్న రెండు వార్డుల్లో కూడా మనుషుల్ని పేర్లతో పలకరించగలగాలి.

ఇక అసలు విషయం. మీరు వేద్దామనుకుంటున్న రంగుల పుస్తకం మానేసి, ఆఫీసులో ఉన్న ఇంకో పుస్తకం తెరవండి. కౌన్సిల్ తీర్మానాల పుస్తకం. ఐదేళ్లలో జరిగిన ప్రతి సమావేశం, ఆమోదించిన ప్రతి అంశం అందులో ఉంటుంది. ఫలానా వార్డులో డ్రైను, ఫలానా చోట కల్వర్టు, శ్మశానానికి ప్రహరీ, బడి దగ్గర స్పీడ్ బ్రేకర్ అని రాసి, ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని కింద సంతకం ఉంటుంది. ఆ సంతకం మీ అత్తగారిది. వాటిలో ఎన్ని పనులు అయ్యాయి, ఎన్ని టెండరు దగ్గర ఆగాయి, ఎన్నిటికి టెండరు పిలిచినా కాంట్రాక్టరు రాలేదు, ఎన్ని సగంలో ఉన్నాయి, ఇదంతా ఒకచోట ఎవరూ రాసి పెట్టరు. మీకు ఎక్సెల్ చేతిలో పని. కూర్చుని వార్డుల వారీగా షీటు తయారు చేయండి. తీర్మానం తేదీ, పని పేరు, మంజూరైన డబ్బు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఆగితే ఎందుకు ఆగింది. మీకు వారం పట్టొచ్చు. ఇంజినీరింగ్ సెక్షన్‌లో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) పక్కన కూర్చోబెట్టుకుంటే మూడు రోజులు.

ఆ షీటు వచ్చాక మీ అత్తగారు చాలా రోజులు బాధపడతారు, ముందే చెబుతున్నాను. ఆమోదించిన వాటిలో కాని పనులే ఎక్కువ కనిపిస్తాయి. అది ఆమె ఒక్కరి తప్పు కాదు. మున్సిపల్ చట్టంలో పనులు చేయించే అధికారం కమిషనర్‌ది, చైర్‌పర్సన్ కౌన్సిల్‌కు అధ్యక్షత వహిస్తారు. ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలని ముందే కట్టేసి పంపిస్తారు, వాటితో రోడ్డు వేయలేం. జనరల్ ఫండ్‌లో, అంటే మున్సిపాలిటీ సొంత ఖాతాలో, డబ్బున్నా బిల్లు ఆన్‌లైన్‌లో నెలల తరబడి ఆగితే, తర్వాత పిలిచిన టెండరుకు కాంట్రాక్టరు ముఖం చూపించడు. ఇవన్నీ నిజాలే. కానీ ఇవి జనానికి ఎప్పుడు చెప్పారు? ఐదేళ్లు చెప్పకుండా, ఓటు అడిగే రోజు చెబితే సాకులాగా వినిపిస్తాయి. ఇప్పుడు చెబితే, అదీ షీటు చేతిలో పట్టుకుని, ‘మీ వీధి డ్రైను 2022లో ఆమోదించాం, రెండుసార్లు టెండరు పిలిచాం, ఎవరూ రాలేదు, ఇదిగో కాగితం’ అని చెబితే, వినేవాళ్లు వింటారు. తిట్టేవాళ్లు తిడతారు. తిట్టనివ్వండి. ముఖాన తిట్టినవాళ్లలో సగం మంది పోలింగ్ రోజుకు చల్లబడతారు. మాట్లాడకుండా తలుపేసుకున్న ఇంటి గురించే భయపడాలి.

ఇదే షీటు హాల్లో ఎన్నికకూ పనికొస్తుంది. మిగతా 30 మంది కౌన్సిలర్ల వార్డులకు ఏం జరిగిందో అందులోనే తెలుస్తుంది. 2005 పాలకవర్గంలో మా ఊళ్లో ఒక కౌన్సిలర్ ఉండేవారు, సైకిల్ షాపు ఆయన. తన వార్డులో బడిపిల్లలు దాటే కాలువ మీద చిన్న కల్వర్టు అడిగారు. అప్పటి అంచనా లక్షా పాతిక వేలో ఎంతో. నాలుగేళ్లలో పదిహేను సమావేశాల్లో లేచి అడిగారు. ప్రతిసారీ ‘వచ్చే అజెండాలో పెడదాం’ అన్నారు. సమావేశాల మినిట్స్ (చర్చల నమోదు) రాసింది నేనే, అందుకే గుర్తుంది. తర్వాత ఒకరోజు చైర్మన్ మీద అసమ్మతి సంతకాలు సేకరించినప్పుడు మొదటి సంతకం ఆయనదే. ఎవరూ డబ్బివ్వలేదు, పదవి ఆశపెట్టలేదు. నా దగ్గరకొచ్చి ‘మేనేజర్ గారూ, ఆ కల్వర్టు వేసి ఉంటే నేను ఆ కాగితం ముట్టుకునేవాణ్ని కాదు’ అన్నారు. మీ అత్తగారి కౌన్సిల్లో ఇలాంటి కల్వర్టులు ఎన్నున్నాయో చూడండి. సొంత పార్టీ వాళ్లవే కాదు, ఎదుటి పార్టీ వాళ్లవి కూడా. పదవీకాలం ముగిసేలోగా ఐదారు చిన్న పనులైనా పూర్తి చేయించగలిగితే, ఏ రీల్ చేయలేని పని అవి చేస్తాయి.

మీ అత్తగారిది ఏ పార్టీయో మీరు రాయలేదు, అవసరం లేదు కూడా. కానీ 2024లో ప్రభుత్వం మారింది కాబట్టి ఒక మాట. చైర్‌పర్సన్‌ది ఒక పార్టీ, ఎమ్మెల్యేది ఇంకో పార్టీ అయితే ఫైళ్లు నెమ్మదిస్తాయి, ప్రారంభోత్సవంలో కొబ్బరికాయ ఎవరు కొట్టాలన్న దానికే నెల పోతుంది. అలాంటి ఊళ్లో నేను మూడేళ్లు పనిచేశాను. కొబ్బరికాయ ఎమ్మెల్యే గారికి వదిలేసి పని తెచ్చుకున్న చైర్‌పర్సనే అక్కడ మళ్లీ గెలిచారు. నేను చెప్పిన ఇద్దరిలో ఆమె ఒకరు. శిలాఫలకం మీద పేరు కింది వరసలో ఉన్నా పట్టించుకోలేదు. ఆ వీధివాళ్లకు తెలుసు, ఫైలు పట్టుకుని జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగింది ఎవరో.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను చూసిన ఓటముల్లో సగానికి పైగా నీళ్ల వల్లే. మీది కోస్తా అన్నారు కాబట్టి కాలువ నీళ్లే అయి ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేముందే మంచినీళ్ల చెరువు నింపుకోవాలి, అదే మన సమ్మర్ స్టోరేజీ ట్యాంకు. నేను పనిచేసిన ఒక ఊళ్లో చెరువు గట్టుకు గండి లాంటి లీకు ఒకటి ఉండేది. జనవరిలో ఫైలు పెట్టాం. మార్చి దాకా అది ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కు తిరిగింది, అందులో నా టేబుల్ కూడా ఉంది. కాలువ కట్టేశాక చూస్తే చెరువులో నీళ్లు సగమే. నలభై రోజులు ట్యాంకర్లు తిప్పాం. ఆడవాళ్లు ఎర్రటి ఎండలో బిందెలు వరసగా పెట్టి నిలబడేవాళ్లు. ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ‘నాయనా, రెండు బిందెలు చాలు’ అంది. ఆ మాట ఈ రోజుకీ నన్ను వదలదు. ఆ చైర్మన్ గారు అంతకుముందు నాలుగేళ్లు ఏం చేశారో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. పేరెత్తితే ‘ఆ నీళ్లు లేని ఏడాది చైర్మనా’ అనేవాళ్లు.

కాబట్టి మీ అత్తగారిని ఈ వారమే చెరువు గట్టు మీదికి వెళ్లమనండి. నీటిమట్టం ఎంత, ఫిల్టర్ బెడ్‌లో ఇసుక మార్చి ఎన్నాళ్లయింది, మోటార్లకు స్టాండ్‌బై ఉందా, అడగాలి. తర్వాత వాల్వులు తిప్పే మనిషిని కూర్చోబెట్టి మాట్లాడాలి. ఏ వీధికి నీళ్లు ఎక్కవో, ఏ ఇంట్లో మోటారు పెట్టి లైన్లో నీళ్లు లాగేస్తున్నారో ఇంజినీరు కంటే అతనికే బాగా తెలుసు. నీళ్లు వచ్చే టైము మారితే ముందురోజు రాత్రే వార్డు వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ పడాలి. మీ కంప్యూటర్ చదువుకు మొదటి ఉపయోగం అదే. ‘రేపు పైపు మరమ్మతు వల్ల 9, 10, 11 వార్డులకు ఉదయం 6 బదులు 9 గంటలకు నీళ్లు’ అనే ఒక్క మెసేజ్‌కు ఇంట్లో ఆడవాళ్ల దగ్గర ఉన్న విలువ డ్రోన్ వీడియోకు రాదు.

డ్రైన్ల సంగతి క్లుప్తంగా. పూడిక తీయడం సమస్య కాదు, తీసిన మట్టి రోడ్డు పక్కనే వారం రోజులు ఉంచడం సమస్య. ఆరాక ఎత్తుతామంటారు, ఈలోగా వాన వస్తే మళ్లీ డ్రైన్లోకే పోతుంది. రెండో రోజుకల్లా ట్రాక్టరు వచ్చేలా శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి. పారిశుద్ధ్య కార్మికులకు చేతి తొడుగులు, సబ్బులు, కొబ్బరినూనె సరిగ్గా అందుతున్నాయో లేదో మీ అత్తగారు స్వయంగా కనుక్కోవాలి. 2023 డిసెంబరు చివర్లో వాళ్లు రాష్ట్రమంతా సమ్మెకు దిగినప్పుడు మీ ఊళ్లో ఆమె వాళ్ల దగ్గరకు వెళ్లి మాట్లాడారా? వెళ్లి ఉంటే వాళ్లు మరిచిపోరు. వెళ్లకపోతే ఇప్పుడైనా తెల్లవారుజామున వాళ్లు హాజరు వేయించుకునే మస్టరు దగ్గరకు వెళ్లి పది నిమిషాలు నిలబడమనండి. ఫొటోగ్రాఫర్ లేకుండా.

పన్ను విషయంలో మీ అత్తగారి దురదృష్టం ఒకటుంది. ఇంటిపన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ, అంటే ఆస్తి ధర, మీద వేసే నిబంధనలు 2020 నవంబరులో వచ్చాయి, అమలు 2021 ఏప్రిల్ నుంచి. అంటే ఆమె కుర్చీలో కూర్చున్న రెండు వారాలకు. పెరుగుదల ఏడాదికి 15 శాతం మించకుండా పరిమితి పెట్టారు కానీ, ఏటా కొంచెం కొంచెం పెరిగే బిల్లు చూసి జనం ‘ఈమె వచ్చాకే పెరిగింది’ అనుకుంటారు. చెత్త మీద వేసిన రుసుము కూడా ఆమె హయాంలోనే మొదలైంది. 2024లో కొత్త ప్రభుత్వం ఎత్తేసింది. ఇంటింటికీ వెళ్లినప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘అది ప్రభుత్వం చేసింది, మాకేం సంబంధం’ అని తప్పించుకోవద్దు. ఆ రేట్లు కౌన్సిల్ ముందుకూ వచ్చి ఉంటాయి. ఆరోజు ఆమె ఏం మాట్లాడారో మినిట్స్‌లో చూసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దాంతోపాటు ఉపయోగపడే మాట కూడా చెప్పొచ్చు. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం తగ్గింపు ఉందనీ, ఇంటి కొలతలు తప్పు పడితే రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చనీ చాలామందికి తెలియదు. ఎవరి ఇంటి కొలత తప్పుందో రాసుకుని, వార్డు సచివాలయంలో అడ్మిన్ సెక్రటరీతో మాట్లాడి సరిచేయించండి. సరిచేయించిన ప్రతి కొలతా ఒక ఇంటి నమ్మకం.

ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే మాట. మీ మామయ్య గారి గురించి మీరేమీ రాయలేదు, కానీ అడగక తప్పదు. ఆఫీసుకు వచ్చేది ఎవరు? చాంబర్లో మాట్లాడేది ఎవరు? కమిషనర్‌కు ఫోన్ చేసేది ఎవరు? మహిళలకు సగం సీట్లు వచ్చాయి, మంచిదే. కానీ నా కళ్లముందే కొన్నిచోట్ల చైర్‌పర్సన్ గారు సంతకాలకే పరిమితమై, భర్తో కొడుకో కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. జనం మొదట్లో మౌనంగా చూస్తారు. తర్వాత ‘ఆయన చైర్మన్ గారు’ అని పిలవడం మొదలుపెడతారు. ఓటు దగ్గరకొచ్చేసరికి ఆడవాళ్లే ఓటేయరు. ఒక చైర్‌పర్సన్ గారిని నాకు బాగా తెలుసు. మొదటి రెండేళ్లు నోరు విప్పలేదు. ఒకరోజు సమావేశంలో ఒక సభ్యుడు వెటకారంగా ‘మీవారిని అడిగి చెప్పండి’ అన్నాడు. ఆమె మైకు దగ్గరకు లాక్కుని, అజెండాలో ఏడో అంశం మొత్తం చదివి, అంచనాలో తేడా ఎక్కడుందో చెప్పింది. అప్పటికి ఆరు నెలలుగా రోజూ రాత్రి ఫైళ్లు ఇంటికి తీసుకెళ్లి చదువుతోందని మాకు మాత్రమే తెలుసు. హాలంతా నిశ్శబ్దం అయిపోయింది. మీ అత్తగారు అలా మాట్లాడగలరా? మాట్లాడగలిగితే ఇంటింటి ప్రచారానికి ఆమె ముందు నడవాలి, మామయ్య గారు వెనక ఉండాలి, లేదా అసలు ఇంట్లో ఉండాలి. ఈ మాట మీరే చెప్పాలి. ఇంటి ఆడపిల్ల చెబితే వింటారు, బయటివాళ్లు చెబితే గొడవవుతుంది.

మీ రంగుల పుస్తకం మానేయమన్నందుకు కారణం చెబుతాను. 1995లో నేరుగా గెలిచిన ఒక చైర్మన్ మా ఊళ్లో రెండంతస్తుల కూరగాయల మార్కెట్ కట్టించారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఎక్కడా అలాంటిది లేదు. రోడ్డు మీద కూర్చుని అమ్ముకునే ఆడవాళ్లందరినీ లేపి పైఅంతస్తుకు పంపించాం. మెట్లెక్కి ఎవరు కొంటారు? రెండు నెలల్లో వాళ్ల ఆకుకూరలు వాడిపోయాయి, పెట్టుబడి పోయింది, మళ్లీ రోడ్డు మీదికే వచ్చారు. మళ్లీ లేపాం. 2000లో ఆయన ప్రచార కరపత్రం మీద మొదటి ఫొటో ఆ మార్కెట్‌దే. ఎంతో ప్రేమగా కట్టించారు పాపం, గర్వంగానే వేసుకున్నారు. ఆ కాగితం మార్కెట్ రోడ్డులో పంచిన రోజు జరిగింది నేను చూశాను. ఒకామె దాన్ని చదవమని మనవడికి ఇచ్చి, విన్నాక, మడిచి పచ్చిమిరపకాయలకు పొట్లం కట్టింది. కట్టడానికి ముందు ఆ పదిహేను మంది ఆడవాళ్లను ‘అమ్మా, ఎక్కడ కూర్చుంటే బేరం అవుతుంది’ అని ఒక్కసారి అడిగి ఉంటే కింది అంతస్తులోనే అరుగులు వేసేవాళ్లం. మీరు పుస్తకంలో వేయబోయే ప్రతి ఫొటో అవతల అలాంటి మనిషి ఎవరైనా ఉన్నారేమో చూసుకోండి. అప్పుడు కూడా వేయాలనిపిస్తే వేయండి.

కాగితాల పని కూడా నిర్లక్ష్యం చేయొద్దు. ముసాయిదా ఓటర్ల జాబితా అంటించగానే మీ అత్తగారి వార్డు జాబితా తెచ్చుకుని వీధి వీధికీ టిక్కు పెట్టండి. అసెంబ్లీ జాబితాను వార్డులుగా విడగొట్టేటప్పుడు సరిహద్దు వీధులు పక్క వార్డుకు పోవడం, ఒకే ఇంట్లో భార్య ఒక వార్డు భర్త ఇంకో వార్డు కావడం ప్రతి ఎన్నికలో చూశాను. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్దిరోజులే. పోలింగ్ రోజు అరిస్తే ఏమీ చేయలేం. అభ్యర్థి ఇంటిపన్ను, నీటి బిల్లు బకాయి ఒక్క రూపాయి కూడా ఉండకూడదు, రసీదులు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఆమె పేరు మీద గానీ, ఆమెకు వాటా ఉన్న సంస్థ పేరు మీద గానీ మున్సిపల్ కాంట్రాక్టు ఏదీ నడుస్తూ ఉండకూడదు. ఉంటే లాయరుతో మాట్లాడండి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో తీసేశారు కనుక ఆ భయం లేదు. ఎన్నికల కోడ్ వచ్చాక మాత్రం ఆఫీసు కారు, ఆఫీసు సిబ్బంది, ప్రారంభోత్సవాలు ఏవీ వద్దు. ఖర్చు లెక్క ఏ రోజుది ఆ రోజు రాయండి. గెలిచాక లెక్కలు సమర్పించక చిక్కుల్లో పడ్డవాళ్లను చూశాను. 2021లో బ్యాలెట్ పేపర్లే వాడారు. మళ్లీ అవే అయితే ముసలివాళ్లకు ముద్ర ఎక్కడ వేయాలో, ఎలా మడవాలో నమూనా చూపించి చెప్పాలి. 86 ఓట్ల తేడాతో గెలిచిన వార్డులో చెల్లని ఓట్లు 30 పోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

డబ్బు, క్యాంపుల గురించి అడగకపోయినా మీ ఇంట్లో ఈ చర్చ జరుగుతూనే ఉంటుంది. ఓటుకు ఇంత అని పంచడం, ఫలితాల తర్వాత కౌన్సిలర్లను బస్సెక్కించి ఊళ్లు తిప్పడం, అన్నీ జరుగుతాయి. దయచేసి దానిలోకి వెళ్లకండి. తప్పు అని ఒక్కటే కాదు. అలా తెచ్చుకున్న మద్దతు ఇంకొకరు ఎక్కువ ఇచ్చేదాకానే. అప్పు చేసి గెలిచిన ఒకాయన తర్వాత ప్రతి బిల్లు దగ్గరా శాతం చూసుకోవాల్సి వచ్చింది. ఆయన కింద పనిచేసిన మూడేళ్లు నా సర్వీసులో నాకు నచ్చని మూడేళ్లు. మంచి మనిషి అలా అయిపోవడం దగ్గర నుంచి చూశాను.

మీరు సెలవు ఎప్పుడు పెడతారో తెలియదు. ఎన్నికల నెలలో కాకుండా ఇప్పుడే పది రోజులు పెట్టి రండి. సోమవారం వెళ్లి మేనేజర్‌ను కలవండి. తీర్మానాల పుస్తకాలు ఆయన బీరువాలోనే ఉంటాయి, ఏడాదికి ఒకటి రెండు లెక్కన. చైర్‌పర్సన్ గారు అడిగారంటే వెంటనే చూపిస్తారు. 2021 మార్చి 18న చైర్‌పర్సన్ ఎన్నిక జరిగిన సమావేశం నుంచి మొదలుపెట్టండి. మొదట మీ అత్తగారి వార్డు పేజీలు, తర్వాత ఆనుకుని ఉన్న రెండు వార్డులవి, ఆ తర్వాత మిగతావి. షీటు తయారయ్యాక ఏ పని ఎక్కడ ఆగిందో అర్థం కాకపోతే ఇక్కడే రాయండి, ఆ ఫైలు ఏ సెక్షన్‌లో ఇరుక్కుని ఉంటుందో నేను చెబుతాను.